పెట్టెలో లేని మెట్టు

పోయినవారం మా అక్కని గుమ్మంలో ఒంటి చెప్పుతో నిలబెట్టి వెళ్ళిపోయాను. పక్కింటావిడ వారమంతా నన్ను సాధించింది, పెద్దావిడని అలా నిలబెడతారా, కాళ్ళు లాగవూ అని. కొత్తగా చదివేవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పి ఆ రెండో చెప్పు సంగతి చూద్దాం.

మా మనవరాలు ఒక రికార్డుల కంపెనీలో పాత పాటలకి మరమ్మతు చేస్తుంది. గరగరలు తీసి, చిటపటలు తుడిచి, పాటకి తలంటి కొత్త బట్ట కట్టినట్టు చేస్తుంది. ఆ కంపెనీవాళ్ళు అరవై ఏళ్ళ సినిమా పాటల్లోంచి అరవై ఏరి ఒక కట్టగా తెస్తున్నారు, వెంట ఒక పుస్తకం. పాటకో పేజీ, ప్రతి పేజీ కింద పాడినవాళ్ళ పేరు. యాభై తొమ్మిదింటికి పేర్లు దొరికాయి. లాంతరు పాట కింద మాత్రం 'గాయని తెలియదు' అని రాసుకున్నారు. పుస్తకం మేము వెళ్ళిన రోజే మధ్యాహ్నం రెండింటికి అచ్చుకి పోతుంది.

ఆ పాట పాడింది మా అక్క. తోడబుట్టింది కాదు, అంతకంటే ఎక్కువ. నా పెళ్ళికి ముందునించీ ఒకే మేడలో పై గది ఆమెది, కింద గది మాది, మధ్యలో ఇద్దరికీ ఒకటే కుళాయి. బకెట్లు కలిసిపోకుండా ఆమె తన బకెట్టు మీద గీత గీసుకునేది, నేను సున్నా చుట్టి మధ్యలో చుక్క పెట్టుకునేదాన్ని. అప్పట్లో నాకు వచ్చిన సంతకం కూడా అదే.

ఆమెని బతిమాలి కంపెనీకి లాక్కొచ్చాను. ఆమె హార్మోనియం పెట్టెని మా ఆయన మూడంతస్తులు మోసుకొచ్చి గదిలో పెట్టి, "నేను బయట కూచుంటాలే" అని వరండాలో బల్ల మీద కూలబడ్డాడు. లోపల మేనేజరు డిస్కు వినిపించాడు. ఆ తర్వాత, అక్క ఎప్పుడో ఒక సభలో అదే పాట పాడినప్పుడు ఎవరో పట్టిన టేపు వినిపించాడు. "పెద్దవారు, మిమ్మల్ని నొప్పించాలని కాదు. ఈ రెండు గొంతులూ ఒకరివి కావమ్మా" అన్నాడు. అక్క సంచీ తీసుకుని లేచింది. అక్కడ ఆపాను.

రెండో చెప్పు కుర్చీ కిందకి పోయింది. నేనే కాలితో ఇంకా లోపలికి తోశాను.

"పిల్లా, చెప్పు ఇయ్యి," అంది అక్క. నాకు డెబ్భై ఒకటి. ఆమెకి నేను ఇప్పటికీ పిల్లనే.

"ఇవ్వను. కూచో."

"ఒకసారి పడ్డది చాలదా? ఆ రోజు హాలంతా అన్న మాటే ఈయన మర్యాదగా అన్నాడు. అంతేగా తేడా."

మేనేజరు తల దించుకున్నాడు. చెడ్డవాడు కాదు, చెప్పొద్దూ. మేము వచ్చినప్పటినించీ మూడుసార్లు టీ తెప్పించాడు. కానీ అచ్చులో పేరు వెయ్యాలంటే ఆధారం కావాలి అంటాడు. మనిషి ఎదురుగా కూచుని నేనే అంటుంటే ఇంకా ఆధారమేమిటి అని మనకనిపిస్తుంది గానీ, ఆ పాట నాదే అని అంతకుముందు ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి వెళ్ళారట. అందులో ఒకావిడ సినిమా వచ్చిన ఏడాదికి ఇంకా ఉయ్యాల్లోనే ఉందట.

"బాబూ," అన్నాను, "ఆ రెండు గొంతులూ వేరన్నావు. ఒప్పుకున్నాను. వేరే."

అక్క నా వంక చూసిన చూపుకి గోడకున్న సున్నం రాలాలి.

"అమ్మమ్మా, నువ్వెవరి తరఫు?" అంది మనవరాలు.

"డిస్కు తరఫు. డిస్కు అబద్ధమాడుతోంది. దాని చేత నిజం చెప్పిస్తాను, ఆ పాట మొదలు మళ్ళీ పెట్టు."

"డిస్కు అబద్ధమాడుతోందని మీకెలా తెలుసమ్మా?" అన్నాడు మేనేజరు.

నా ఉద్యోగమే అది కదా. ఈ కంపెనీవాళ్ళు తర్వాత కొనుక్కున్న ఆ పాత డిస్కుల ఫాక్టరీలోనే పధ్నాలుగేళ్ళు చేశాను. వరసగా ఎనిమిదిమంది ఆడవాళ్ళం, చెవులకి తొడుగులు పెట్టుకుని కూచునేవాళ్ళం. వందలో ఒక డిస్కు మా ముందుకొచ్చేది. పాట బాగుందా లేదా అన్నది మా పని కాదు. గరగర ఉందా, గీత ఉందా, వణుకుతోందా, అది చూడాలి. అందుకే నాకు పాటలన్నీ తప్పులతో సహా గుర్తు. మొదటి పదేళ్ళ పాటల్లో గొంతులు పెద్దవి, వాయిద్యాలు నాలుగే, అవీ గోడ అవతలినించి వాయిస్తున్నట్టుండేవి. తర్వాత వచ్చింది ఒక జోలపాట, రెండో చరణంలో టిక్కుమనేది. ఊళ్ళో పిల్లలందరూ దానితో నిద్రపోయారు, నేను మాత్రం ఇప్పటికీ ఆ టిక్కు వచ్చేదాకా కళ్ళు మూయలేను. వాన పాటొకటుంది, అందులో వాన వాన కాదు, జల్లెడలో బియ్యం. రైలు పాటలో ఈల ఊదినవాడికి ముందు దగ్గొచ్చింది, అదీ పడింది. ఆ తర్వాత రెండు చెవులకీ రెండు రకాలుగా వినిపించే పాటలొచ్చాయి, తబలా ఒక పక్క, అమ్మాయి ఒక పక్క, అత్తాకోడళ్ళు మాట్లాడుకోని ఇల్లులా. ఆ వెనక క్యాసెట్లు. పెన్సిలు పెట్టి తిప్పుకున్న పాట ఏ పాటైనా సరే మనదే అనిపించేది. ఇప్పుడు పాటలకి తప్పులే ఉండవు. అందుకే గుర్తుండవని నేనంటాను, మనవరాలు ఒప్పుకోదు. అది వేరే తగువు.

ఇదంతా మేనేజరుకి చెప్పాను, ఇంకా పెద్దగానే చెప్పాను. గడియారం పన్నెండున్నర దాటింది.

మనవరాలు డిస్కు పెట్టింది. పాత సరుకు, కాస్త వంగింది. అందుకని మధ్యలో కాగితం అంటించిన చోట ఒక ఇత్తడి బిళ్ళ బరువు పెడుతుంది. ముల్లు దించింది. లాంతరు పాట మొదట్లో మాట లేదు, హార్మోనియం ఒక్కటే ఒక స్వరం పట్టుకుని నిలబడుతుంది, ఊపిరి బిగబట్టినట్టు. అప్పుడు సినిమాలో అమ్మాయి లాంతరు పట్టుకుని మెట్లు దిగుతూ మొదలెడుతుంది, 'ముందు నువ్వు నడు దీపమా, వెనక నేనొస్తా' అని.

"అక్కడ ఆపు. ఆ నిలబడ్డ స్వరమే మళ్ళీ మళ్ళీ వినిపించు."

నాకు పాడటం రాదు. మెట్టు నొక్కడం వచ్చు. అక్క పెట్టె తీసి, ఒక చేత్తో గాలి కొడుతూ ఒక మెట్టు నొక్కాను. డిస్కు దానికంటే పైన ఉంది. ఆ పక్క మెట్టు నొక్కాను. డిస్కు దానికంటే కింద ఉంది.

"బాబూ, నీ చెవి మంచిదే కదా?"

"పాతికేళ్ళుగా దీంతోనే బతుకుతున్నానమ్మా."

"ఈ మెట్టుకీ ఆ మెట్టుకీ మధ్యలో ఉంది. అవునా? మధ్యలో ఇంకో మెట్టు ఉందేమో చూడు. వెతుకు."

చూశాడు. పాపం నిజంగానే వంగి చూశాడు. మనవరాలు నవ్వు ఆపుకుంది.

"వీణ అయితే తీగ లాగొచ్చు, వేణువైతే ఊపిరి మార్చొచ్చు. పెట్టె వాయించేవాడు రెండు మెట్ల మధ్య ఎలా వాయించాడు?"

"మీ పెట్టె పాతది. శ్రుతి జారిపోయి ఉండొచ్చు," అన్నాడు. తెలివైనవాడు. ఆ మాట అంటాడని రాత్రే అనుకున్నాను.

"డిస్కు రెండోవైపు పెడదాం. అదే సినిమా, పిల్లల ఆటపాట. అదే రోజు, అదే పెట్టె, వాయించినవాడూ అతనే." డిస్కు తిప్పడానికి మనవరాలు లేస్తుంటే నేనే ముందు లేచాను. ఎన్ని లక్షల డిస్కులు తిప్పిన చేతులో ఇవి. ఇత్తడి బిళ్ళ ఎత్తాను.

కాగితం మీద, కన్నం పక్కన, పెన్సిలుతో చిన్న సున్నా. మధ్యలో చుక్క.

ఫాక్టరీ నమూనాల బీరువాలోంచి వచ్చిన డిస్కు అని మనవరాలు చెబుతూనే ఉంది, నేనే బుర్రకి పట్టించుకోలేదు. వేల డిస్కులు అచ్చుకొట్టే ముందు మొట్టమొదటి డిస్కు విని, సరే అన్నవాళ్ళు దాని మీద గుర్తు పెట్టాలి. ఆ పాట డిస్కు నా బల్ల మీదకొచ్చింది. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. పదిరోజులపాటు అక్క కుళాయి దగ్గర ఆ పాట సాధన చేస్తుంటే విన్నదాన్ని. చెవులకి తొడుగు పెట్టుకోగానే తెలిసిపోయింది. గొంతు అక్కదే, కానీ అక్కకి పన్నెండేళ్ళ వయసులో ఉండాల్సిన గొంతు. డిస్కు చెక్కిన గదికి వెళ్ళి అడిగాను. అక్కడ పనిచేసే అబ్బాయి చెమట తుడుచుకుంటూ, పాట పెద్దదైపోయింది, ఒక పక్క పట్టలేదు, చివర మాట కాగితం మీదకి ఎక్కేస్తోంది, టేపు తిరిగే వేగం కొంచెం పెంచాను, ఎవరికీ తెలీదులే, పైవాళ్ళకి చెప్పావంటే నా ఉద్యోగం పోతుంది అన్నాడు. వచ్చి నా బల్ల దగ్గర కూచున్నాను. సున్నా చుట్టి చుక్క పెట్టాను. మరుసటి ఏడు ఆ అబ్బాయినే పెళ్ళి చేసుకున్నాను.

ఇన్ని వారాలుగా రాస్తున్నా మీకు ఈ ముక్క చెప్పలేదు. అక్కకి యాభై రెండేళ్ళుగా చెప్పలేదు.

తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా డిస్కు తిప్పి, బిళ్ళ మళ్ళీ పెట్టేశాను.

ఆటపాట మొదలైంది. మెట్టు నొక్కాను. తాళానికి తాళంచెవి పడ్డట్టు పడింది. ఇంకో మెట్టు, అదీ పడింది. మేనేజరు కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"పెట్టె జారలేదు బాబూ. ఈ పాట చిన్నది, డిస్కులో హాయిగా పట్టింది. ఆ పాట పట్టలేదు. వేగం పెంచి ఇరికించారు. వేగం పెరిగితే గొంతు సన్నమవుతుంది, నీకు నేను చెప్పాలా?"

"వేగం పెంచారనే ఎందుకనుకోవాలి? తగ్గించి ఉండొచ్చుగా?"

"అయితే ఇంకా పెంచి చూడవే," అన్నాను మనవరాలితో. మళ్ళీ లాంతరు పాట వైపు తిప్పి బిళ్ళ నేనే పెట్టాను, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మనవరాలు వేగం మర పైకి జరిపింది. లాంతరు పట్టుకున్న అమ్మాయి తోక తొక్కిన పిల్లిలా అరిచింది. టీ గ్లాసులు తీసుకెళ్ళడానికొచ్చిన అతను కూడా నవ్వాడు. మేనేజరు చేతులెత్తి, "చాలు, దించు," అన్నాడు.

అక్క మాత్రం ఇటు తిరగలేదు. ఒక చెప్పు వేసుకున్న కాలు, ఒక ఉత్త కాలు, ముఖం వరండా వైపు.

"ఇప్పుడు దించు, మెల్లగా," అన్నాను.

పాట కొంచెం కిందకి దిగింది. మెట్టు నొక్కి పట్టుకునే ఉన్నాను. చక్కగా కలిసింది.

"కలిసింది అమ్మమ్మా."

"పెట్టె కలిసింది. మనిషి కలవలేదు. ఇంకో మెట్టు దించు."

దించింది. రెండో మెట్టుకీ కలిసింది. హార్మోనియం అయిపోయి గొంతు వచ్చింది. ఏమని చెప్పను. అంతవరకూ అది ముద్దుగా మెట్లు దిగే చిన్నపిల్ల పాట. ఇప్పుడు ఆ మెట్లు దిగుతున్నది ఒక ఆడమనిషి. బరువు తెలిసిన మనిషి, లాంతరు ఎత్తి పట్టుకుని, చీకటి ఎంత లోతుందో చూసుకుంటూ దిగుతున్నట్టుంది. 'వెనక నేనొస్తా' అన్నచోట, వస్తుందని నమ్మకం కలిగింది. యాభై రెండేళ్ళుగా జనం పాడుకున్నది ఈ పాట కాదు, దీని పిల్ల.

అక్క ఉత్త కాలి బొటనవేలు నేల మీద కదిలింది. తాళం వేస్తోంది.

ఆ సభ సంగతి అప్పుడు చెప్పాను మేనేజరుకి. సినిమా హాల్లో సభ, నేను మూడో వరసలో ఉన్నాను. వాయిద్యాలవాళ్ళు పాట డిస్కు విని నేర్చుకున్నారు, డిస్కు ఎత్తులోనే వాయించారు. అక్క గొంతు అక్కడికి చేరక రెండుసార్లు చిట్లింది. దించమని అడిగి, తన ఎత్తులో పాడింది. అది విని జనం, ఇదెవరో వేరే మనిషి, డిస్కులో అమ్మాయి కాదు అన్నారు. ఎవరో అరువుగొంతు అన్నారు. ఆ పేరే అతుక్కుపోయింది. మర్నాటినించీ అక్క పాట మానేసింది. టెలిఫోన్ ఆఫీసులో చేరి ముప్ఫై ఏళ్ళు ఊళ్ళో అందరికీ నంబర్లు కలిపింది. లైన్లో ఉండండి, లైన్లో ఉండండి. రోజూ వేలమంది ఆ గొంతు విన్నారు, ఎవరికీ తెలీలేదు. ఒకసారి ఎవరో ఆమెతోనే అన్నారట, లాంతరు పాట పాడినావిడ నంబరు ఉందా అని.

"ఉంటే కలిపేదాన్నే," అంది అక్క, ఇటు తిరక్కుండానే. మేనేజరు నవ్వబోయి, నవ్వలేక, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

రెండో చరణం మొదలైంది. ఆమె ఎప్పుడు ఇటు తిరిగిందో నేను చూడలేదు. సంచీ కింద పెట్టింది. యంత్రంలోంచి వస్తున్న తన గొంతు పక్కన తన గొంతే నిలబెట్టి పాడింది. డెబ్భై ఎనిమిదేళ్ళది, కాస్త అరిగింది, అంచులు రాలాయి. కానీ మలుపు దగ్గర మలుపు, ఊపిరి దగ్గర ఊపిరి. ఒక మాట ముందు చిన్నగా ఆగే అలవాటుంది ఆమెకి. యంత్రంలో ఉన్నావిడా ఆగింది, గదిలో ఉన్నావిడా ఆగింది. మేనేజరు కళ్ళు మూసుకున్నాడు. మనవరాలు యంత్రం గొంతు మెల్లగా తగ్గించేసింది. పాట మటుకు ఆగలేదు. అతను కళ్ళు తెరిచి చూసేసరికి పాడుతున్నది అక్క ఒక్కతే.

"అసలు వేగంలో మూడు నిమిషాల ముప్ఫై అయిదు సెకన్లు," అంది మనవరాలు. "డిస్కు మీద మూడు ఇరవయ్యే ఉంది."

మేనేజరు లేచి కుర్చీ కిందకి వంగి ఆ రెండో చెప్పు తీశాడు. తీసి అక్క కాళ్ళ దగ్గర పెట్టాడు. "వేసుకోవద్దమ్మా, ఊరికే పెట్టాను. కూచోండి," అన్నాడు. ఫోను తీసి అచ్చువాళ్ళతో, నలభై ఒకటో పేజీ ఆపండి, పేరు మారుతుంది, పాట కూడా మారుతుంది అన్నాడు. అక్క చేత పేరు ఒక కాగితం మీద రాయించుకున్నాడు.  

నేను గెలిచాననుకున్నాను. గెలిచాను కూడా. ఇప్పటికీ ఆ మాట గట్టిగానే అంటాను. ఆ రోజు ఏ డిస్కు దగ్గర నోరు మూసుకున్నానో, పెట్టె మెట్లు నొక్కి ఆ డిస్కు చేతే నిజం పలికించాను.

కానీ మేనేజరు ఇంకో కాగితం తీశాడు. "ఫైల్లో పెట్టడానికి ఒక్క ముక్క కావాలి. వేగం మార్చినట్టు ఆ రోజుల్లో అక్కడ పనిచేసినవాళ్ళెవరైనా రాసిస్తే రేపు ఎవరూ వేలెత్తి చూపరు. ఎవరు మార్చారో మీకు తెలుసా అమ్మా?"

అక్క నీళ్ళగ్లాసు కింద పెట్టింది. "అవును పిల్లా. నువ్వక్కడే చేశావుగా. నా గొంతు మార్చిందెవరు?" కోపం లేదు ఆ గొంతులో. ఇన్నాళ్ళూ తప్పు తనదే అనుకున్న మనిషికి, కాదని తెలిశాక వచ్చే తేలిక ఉంది. అది ఇంకా కష్టం.

తలుపుకున్న అద్దం అవతల మా ఆయన బల్ల మీద కూచున్నాడు. ఒళ్ళో హార్మోనియం మీద కప్పే గుడ్డ, నాలుగు మడతలు పెట్టి. పాట బయటికి వినిపించినట్టుంది. వేలితో మోకాలి మీద తాళం వేస్తున్నాడు, డిస్కు వేగంలో కాదు, అసలు వేగంలో. ఈ మనిషి అక్క రేడియో ఎన్నిసార్లు బాగుచేశాడో, ఆమెకి జ్వరమొస్తే ఎన్ని మెట్లు ఎక్కి దిగాడో లెక్కలేదు. ఆమె అతన్ని తమ్ముడూ అంటుంది. ఊరికే అనదు.

"చెప్తానక్కా," అన్నాను. అని పెట్టె మూత వెయ్యడం మొదలెట్టాను.

డిస్కు కవర్లో పెట్టాలని మనవరాలు ఇత్తడి బిళ్ళ ఎత్తింది. "అమ్మమ్మా, పొద్దున్నించీ అడుగుదామనుకుంటున్నాను. ఈ సున్నా, మధ్యలో చుక్క ఏమిటి? విని సరే అన్నవాళ్ళ గుర్తా? వాళ్ళెవరో తెలిస్తే, వేగం మార్చిందెవరో వాళ్ళే చెప్తారుగా." అని డిస్కు తెచ్చి, పెద్దావిడ కదా, ముందు అక్క చేతికిచ్చింది.

అక్క కళ్ళకి దూరంగా పట్టుకుని చూసింది. దగ్గరగా పట్టుకుని చూసింది. ఒకే కుళాయి కింద, ఆ గుర్తున్న బకెట్టు నిండేదాకా ఎన్ని ఉదయాలు నా పక్కన నిలబడి ఉంటుందో.

డిస్కు ఒళ్ళో పెట్టుకుంది. అద్దంలోంచి వరండా వైపు చూసింది, చాలాసేపు చూసింది. ఆయన వేలు మోకాలి మీద ఆగిపోయింది.

"తలుపు తియ్యి పిల్లా," అంది. "తమ్ముణ్ణి కూడా లోపలికి రమ్మను."